బడి భూమి

డ్రై ఫోర్క్, సెప్టెంబరు 20

ప్రియమైన వెర్ల్ అన్నయ్యకు,

ఈ వారం మళ్లీ వాన పడింది, మా బడి పైకప్పు మళ్లీ కారింది. పిల్లల్ని ఓ మూలకు చేర్చి, బకెట్ల మధ్య లెక్కలు చెప్పాను. రాష్ట్రం చేతిలో ఉన్న బడి భూములు అమ్మి ఆ డబ్బు బళ్లకివ్వాలా వద్దా అని నవంబరులో ఓటింగు పెడుతున్నారు. అది ఓడిపోతే మా బడి మూసేస్తారట. పిల్లలు నలభై మైళ్లు బస్సులో పోవాలి. 'అవును' అనమని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నువ్వు ఆవుల్ని మేపే కౌలు భూమి కూడా అందులోదే. తిట్టుకో, కానీ ఆలోచించు.

నీ చెల్లి,
లావోన్

అక్టోబరు 4

ప్రియమైన చెల్లీ,

ఇల్లిల్లూ తిరిగేదానివి, మా గడప ఎక్కకుండా ఉత్తరం రాశావేం, భయమా? కౌలు పోతే నాలుగు ఆవులు తగ్గించుకుంటాను. నా బాధ అది కాదు.

మొన్న సర్వేవాళ్లు వచ్చారు. తాతయ్య రాళ్లలో గుంజలకు గుంటలు తవ్వలేక కంచెను వాలు వెంబడి తిప్పేశాడట. కంచె లోపలిదంతా మనదేనని ఇన్నేళ్లూ అనుకున్నాం. వాళ్ల హద్దు మేకు జునిపర్ చెట్టుకు ఇవతల, మనవైపు పడింది. నీ బిడ్డకు ఇష్టమని ఆ చెట్టు కిందే కదా దాన్ని పాతిపెట్టాం. నెడ్రా ఉన్నది బడి భూమిలో, లావోన్. అమ్మితే ఎవరో కొంటారు.

సర్వే అతన్ని అడిగాను. "పటంలో సమాధి లేదండీ" అన్నాడు, టోపీ తీసి.

చెప్పకుండా ఉండలేకపోయాను. ఆపమని మాత్రం అడగను.

నీ అన్న,
వెర్ల్

నవంబరు 12

ప్రియమైన అన్నయ్యా,

ఓడిపోయాం. వేసవికి బడి మూస్తారు.

నీ ఉత్తరం చదివాక కూడా తిరగడం ఆపలేదు. నవ్వు మొహంతోనే తలుపులు తట్టాను. తీరా ఓటు రోజున తెర వెనక నిలబడితే చెయ్యి రాలేదు. ఐదేళ్లకే పోయిన పిల్లకు నేను ఇవ్వగలిగింది ఆ కాస్త చోటే. 'కాదు' మీద గుర్తు పెట్టాను. నిన్న ఒక తల్లి నన్ను పట్టుకుని, "మీరు చేయగలిగిందంతా చేశారు టీచరమ్మా" అని ఏడ్చింది. ఆమె మొహం చూడలేకపోయాను. నీకైనా సంతోషమే కదా.

లావోన్

నవంబరు 19

ప్రియమైన లావోన్‌కు,

నాకూ సంతోషం లేదు. నేను 'అవును' అన్నాను. బతికుంటే నెడ్రా ఈ ఏడు నీ తరగతిలో ఉండేది. తెర వెనక నాకు అదొక్కటే తోచింది.

ఓటుకు వారం ముందే అమ్మ సమాధి పక్కన, కచ్చితంగా మనదైన నేలలో, గుంట తవ్వి ఉంచాను. భూమి పోతే నెడ్రాను అక్కడికి తెచ్చుకుందామనుకున్నాను. ఇప్పుడా అవసరం లేదు. చిన్న గుంటే. మూడుసార్లు పార పట్టుకుని వెళ్లి, పూడ్చలేక తిరిగొచ్చాను.

ఆదివారం రా చెల్లీ. ఒక్కడి వల్ల కావడం లేదు.

నీ అన్న,
వెర్ల్