ఒకే మైదానంలో రెండు గాలులు

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ ఇద్దరం కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నా మీద కోపం తగ్గలేదు. పద్దు రాసినంత సులువుగా నాకు ఉత్తరం రాదని నీకు తెలుసు. అందుకే ఆలస్యం.

మీ పటాలం కవాతులో జెండా మోయడానికి నిన్నే ఎంచుకున్నారని రాశావు. ఆ ముక్క అమ్మ పక్కింటావిడకి రెండుసార్లు చదివి వినిపించింది. మ్యూజియంలో నేను శుభ్రం చేస్తున్న యుద్ధం బొమ్మలో జెండా ఎలా తేలిందని అడిగావు. మీవాళ్ళకి చూపించడానికి ఫోటో కావాలన్నావు.

ఆ బొమ్మలో ఒక తిరకాసు ఉందిరా. గుర్రం మీద వీరుడి జెండా కుడివైపు ఎగురుతుంది. ఓడినవాళ్ళ జెండాలన్నీ ఎడమవైపు.

"ఒకే మైదానంలో రెండు గాలులేంటి సార్?" అని డైరెక్టరుని అడిగాను.

"గెలిచినవాడి గాలి వేరయ్యా! మంత్రిగారు వస్తున్నారు. ఆ పాత జెండా తుడిచేసి ఇప్పటి మన జెండా వేసెయ్."

"అప్పటికి ఈ జెండా పుట్టనేలేదు కదండీ."

"చూసేవాళ్ళకేం తెలుస్తుంది పెద్దాయనా!" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి ఇంకా జిగురుగా అక్కడే అంటుకున్నట్టుంది.

దూదితో తుడిచాను. పచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద నీలం. ఏలేవాడు మారినప్పుడల్లా నాలాంటివాడెవడో నిచ్చెనెక్కి పూసిపోయాడన్నమాట. కింద పడున్న శవాల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అవే శవాలు అన్ని జెండాలకీ పనికొచ్చాయి. ఆ రంగునీళ్ళు పారబోసి చేతులెంత తోముకున్నా ఆ పూట ముద్ద దిగలేదు.

ఇంతసేపూ నాన్చిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. నీలం కింద జెండా లేదు. పక్కనున్న ఆకాశం కూడా పూతే. అది తీస్తే కర్రకి కట్టిన తెల్లచొక్కా బయటపడింది, దాని చెయ్యొకటి వేలాడుతూ. అదీ ఎడమవైపే ఎగురుతోంది. మొదట గీసినవాడు ఒకే గాలి వేశాడు. ఆ వీరుడు దాడికి దూకడం లేదురా. పడ్డవాళ్ళని ఎత్తుకుపోనివ్వమని అడుగుతున్నాడు.

"రేపటికి రంగు పడకపోతే నువ్వు రానక్కర్లేదు," అన్నాడు డైరెక్టరు. నేను ఫోటో తీసుకుని, తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అమ్మ కోపం అందుకే. ఈపాటికి ఇంకెవడో పూసేసి ఉంటాడు.

ఫోటో ఇందులోనే పెట్టాను. మీవాళ్ళకి చూపించడం, మానడం నీ ఇష్టం. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "చొక్కా కుట్టినావిడ ఎవరోగానీ కుట్టు గట్టిది," అని మళ్ళీ మూతి ముడుచుకుంది.

కవాతులో చెయ్యి వణకనివ్వకు. జెండాని మాత్రం గాలి ఎటుంటే అటే ఎగరనివ్వు.

ఇట్లు,
ప్రస్తుతం ఇంటిపట్టునే ఉన్న
మీ నాన్న