ఇద్దరికో గిన్నె

మార్చి 2, ఆదివారం. నరసరావుపేట

రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా. సాయంత్రం ఇఫ్తార్‌కి మసీదులో కూర్చున్నాను. మా అయాజ్ వచ్చాడు. ఎన్ని నెలలైందో నా కొడుకు నా పక్కన కూర్చుని! మాసిన చొక్కా, ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఎవరూ లేచి పొమ్మనలేదు, అల్లా దయ.

ఇంటి అన్నంలో విషం కలుపుతున్నారని ఇల్లు వదిలేశాడు. స్టేషన్ రోడ్డులో మూసిన షట్టర్ల ముందు పడుకుంటాడు. రోజూ క్యారియర్ పట్టుకెళ్తాను. మూత తీసి కుక్కలకు పెట్టేస్తాడు. ఆ కుక్కలు మాత్రం నేను కనబడితే చాలు, తోకలూపుకుంటూ వస్తాయి.

మా మసీదులో గంజి ఇద్దరికో గిన్నెలో పోస్తారు. నువ్వు ముందు తాగు అబ్బా అన్నాడు. తాగాను. నా గొంతు దిగేదాకా చూసి అప్పుడు స్పూన్ ముట్టుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే నా భార్య సైదాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మార్చి 5, బుధవారం

రోజూ వస్తున్నాడు. నా గోళ్ళలో గ్రీజు చూసి, షెడ్డు ఎట్టా నడుస్తంది, బళ్ళు వస్తన్నాయా అని అడిగాడు. మామూలు మనిషి అడిగినట్టే. బాగానే నడుస్తోందిరా అని గిన్నె వాడి వైపు జరిపాను.

మార్చి 8, శనివారం

గుంటూరు వెళ్ళాను. వాణ్ణి ఇదివరకు చూసిన డాక్టరే. మనిషిని తీసుకురాకుండా మందేమిటని కసిరాడు. బతిమాలాను. చివరికి చుక్కల మందు రాశాడు. రుచీ వాసనా ఉండవట. వాడికి చెప్పే ఇవ్వండి, దొంగతనంగా ఇచ్చినట్టు ఒకసారి తెలిసిందా, ఇక మిమ్మల్ని నమ్మడు అని మరీమరీ చెప్పాడు.

తలూపాను. రుచీ వాసనా ఉండవన్న ముక్క ఒక్కటే బుర్రకెక్కింది.

మార్చి 11, మంగళవారం

సీసా జేబులో పెట్టుకుని వెళ్ళాను. తీయలేదు. వాడు ఖర్జూరం గింజ తీసి పండు నా చేతిలో పెట్టాడు.

మార్చి 12, బుధవారం

సైదాబీ సాధిస్తోంది. ఏందయ్యా, కన్నబిడ్డకి మందు పొయ్యటానికి కూడా ముహూర్తం చూస్తావా అంది. దాన్ని అనడం దేనికి? నా ఆశా అదే. మందు పడితే నెమ్మదిస్తాడు, నెమ్మదిస్తే ఇంటికొస్తాడు.

మార్చి 13, గురువారం

పోశాను.

అందరూ దువాకి చేతులెత్తి కళ్ళు మూసుకున్నారు. వాడూ మూసుకున్నాడు. సగం నాకే పోతుంది కదా అని రెట్టింపు పోశాను. పెట్రోల్లో ఆయిల్ కలిపే లెక్క. మెకానిక్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

నేను ముందు తాగాను. వాడు రెండు మూడు స్పూన్లు తాగి, ఆకలి లేదు, నువ్వు తాగు అన్నాడు. అబద్ధం. రోజా ఉన్నవాణ్ణి, నాకు చాలదేమోనని వదిలేశాడు. నేను గిన్నె పక్కన పెడితే అనుమానం వస్తుంది. మొత్తం తాగేశాను.

మార్చి 15, శనివారం

నిన్నంతా నాకు తెలియదు. తెల్లారకముందు తినే సహెరీకీ లేవలేదట, మధ్యాహ్నం జుమ్మా నమాజుకీ లేవలేదట. సంగతి తెలిసిన సైదాబీ గుండె చేత్తో పట్టుకుని నా పక్కనే కూర్చుంది. అడిగినవాళ్ళకి షుగర్ అని చెప్పింది.

షెడ్డు మూసి ఉండటం చూసి అయాజ్ మా వీధిలోకి వచ్చాడట. ఇంట్లోకి రాలేదు. మా అబ్బా గంజిలో ఎవురో ఏందో కలిపారు, ఆయన్ని లేపండి అని గడపగడపకీ తిరిగి చెప్పాడట.

పొద్దున పక్కింటి వెంకటప్పయ్య పలకరించడానికి వచ్చాడు. పాపం బాబాయ్, పిల్లోడికి చానా ముదిరింది, ఇప్పుడు మసీదు గంజిలో కూడా విషమంటన్నాడు అన్నాడు.

అవును, ముదిరింది అన్నాను.

ఈ నోటితోనే అన్నాను. వాడు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నా కొడుకు పిచ్చివాడని నేనే సాక్ష్యం చెప్పాను. థూ, నా బతుకు.

మార్చి 16, ఆదివారం

మసీదు దగ్గర గొడవ. అయాజ్ గేటులో నిలబడి, గంజి తాగమాకండి అని వచ్చినవాళ్ళందరినీ ఆపుతున్నాడు. గంజి కాచే పెద్దాయన గరిటె పక్కన పడేసి కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా గంజి కాస్తన్నా, నాకీ మాటేంది అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కమిటీవాళ్ళు నన్ను పిలిచి, గఫార్ భాయ్, రేపటి నుంచి మీవాణ్ణి ఇటు రానియ్యమాకండి అన్నారు. ఈ ఊళ్ళో వాడు నలుగురితో కూర్చుని తినే చోటు అదొక్కటే.

కలిపింది నేనే అన్నాను. సీసా తీసి చూపించాను. పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. ఒకరిద్దరు తిట్టారు. తిట్టనీ.

తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి వాడికీ చెప్పాను. నేనేరా, నీ మందే, నీకు చెప్పకుండా పోశాను అన్నాను. వాడు సీసా చూశాడు. నన్ను చూశాడు. కాదు అన్నాడు. మా అబ్బా అట్టాంటి పని చెయ్యడు, ఎవురో నిన్ను బెదిరించి చెప్పిస్తన్నారు అన్నాడు.

ఒట్టేశాను. ఏడ్చాను. వాడు నా చెయ్యి పట్టుకుని, భయపడమాక అబ్బా, నేనున్నాగా అన్నాడు.

మార్చి 17, సోమవారం

సహెరీకి లేచి తలుపు తీస్తే అరుగు మీద అయాజ్. కొడుకు ఇంటికొచ్చాడని సైదాబీ సంబరపడుతోంది. లోపలికి రమ్మంటే రాడు. మా అబ్బాకి మందు పెట్టినవాడు దొరికేదాకా గుమ్మం ముందు నుంచి కదలనంటున్నాడు.