నూగు వాలే వైపు

తార్నాక,
మంగళవారం

ప్రియమైన గ్లోరీ పిన్నికి,

వందనాలు. ఈ ఉదయం వాన వెలిశాక క్యాంపస్ దారిలో ఎర్రటి ఆరుద్ర పురుగొకటి పాకుతూ కనిపించింది. నువ్వు చర్చికి కుట్టే ముఖమల్ కానుక సంచులు గుర్తొచ్చాయి.

పోయిన నెల లాలాపేట్ చర్చికి నేనూ ఒకటి కుట్టాను. రెండు ముక్కలూ ఒకే తానులోవి. అయినా ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపించాయి. "ఏందమ్మా, ఒక్క సంచికి రెండు రంగులేసినవ్?" అని రూతమ్మ ఆంటీ నవ్వింది. నూగు ఒకే వైపు వాలేలా కత్తిరించాలని నువ్వు చెప్పింది మరిచిపోయాను.

తర్వాత లైబ్రరీలో ముఖమల్ అన్న మాట పుట్టుక వెతికాను. అది మనకు పారసీ నుంచి వచ్చింది. దానికి మూలమైన అరబ్బీ మాటకు అర్థం గుడ్డ మీది నూగేనట. నువ్వు వేలితో నిమిరి చూపించినదే ఆ పేరులో ఉంది.

శుక్రవారం మా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో దీని గురించి మాట్లాడాలి. బడిలో సిస్టర్లు పేరు పెట్టి పిలిచినా నా గొంతు పెగిలేది కాదని నీకు తెలుసు. ఫోన్‌లో అడగలేక రాస్తున్నాను. నువ్వు మల్కాజ్‌గిరి నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చుంటే మాట్లాడగలననిపిస్తోంది. మంచి ముఖమల్ ముక్క ఒకటి తీసుకురా, అందరూ నిమిరి చూస్తారు.

నన్నెవరూ మాట్లాడమనలేదు పిన్నీ. నా పేరు నేనే ఇచ్చాను.