బాబూరావు ఇంట్లో ఏడు ఫ్రిజ్‌లు

పూసలబోడు తండా,
ఇల్లందు దగ్గర.
ఫిబ్రవరి 3

శ్రామిక కుటుంబాల ఆర్థిక విధాన పరిశోధనా సంస్థ, హైదరాబాదు వారికి,

నమస్కారాలతో భూక్యా బాబూరావు రాస్తున్నది. బొగ్గు గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసి రిటైరయ్యాను. తండాలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. మీ కాగితం కూడా అలాగే వచ్చింది. వచ్చే వారం మీ వాళ్లు ఇంటింటికీ తిరిగి, ఎవరేం పని చేస్తున్నారు, ఇంట్లో ఏమేం వస్తువులున్నాయి అని అడుగుతారని రాశారు.

మీరు సర్కారు కాదట. కంపెనీ కాదట. పార్టీ అసలే కాదట. కష్టపడే కుటుంబాలకు ఏం మేలు చేయాలో ఆలోచించి సర్కారుకు చెప్పడమే మీ పనట. ఆలోచించడానికి ఒక ఆఫీసు పెట్టి జీతాలు ఇస్తారంటే మా మంగీలాల్ నమ్మడం లేదు. నాకూ నమ్మకం కుదరలేదు. అసలు మీ వెనక ఎవరున్నారో తెలపండి.

ఇట్లు,
భూక్యా బాబూరావు

తా.క.: ఫోన్ నెంబరు ఇచ్చారు గానీ నేను చేయను. ఫోన్లో అన్న మాట మీరు రికార్డు చేసుకుంటారు, నాకేమీ మిగలదు. ఉత్తరమైతే జిరాక్సు తీసి పెట్టుకుంటాను.

హైదరాబాదు,
ఫిబ్రవరి 7

గౌరవనీయులు బాబూరావు గారికి,

నమస్కారం. నా పేరు కళ్యాణి, ఈ సంస్థలో పరిశోధకురాలిని. మా వెనక ఎవరూ లేరు. ఢిల్లీలో కొందరు దాతలు డబ్బు ఇస్తారు, మేము పని చేస్తాం. మిర్చి ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు పిల్లల్ని ఎక్కడ వదిలి వెళ్తున్నారు, పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లకు బస్సు దొరుకుతోందా, ఇలాంటివి తెలిస్తేనే మంచి విధానాలు తయారవుతాయి.

ఇంకొక మాట. మీ రేషన్ కార్డులతో మాకు ఎలాంటి సంబంధమూ లేదు.

మీ సహకారం కోరుతూ,
కళ్యాణి

తా.క.: ఫ్రిజ్ ఉందా, టీవీ ఉందా అని అడిగేది ఊరికే లెక్క కోసం. ఎవరూ కంగారు పడవద్దని తండాలో చెప్పండి.

పూసలబోడు తండా,
ఫిబ్రవరి 11

కళ్యాణి గారికి,

మీ ఉత్తరం తండా అందరికీ చదివి వినిపించాను. రేషన్ కార్డుల మాట మేము ఎత్తలేదు. మీరే ఎత్తారు. అడగకుండానే సంబంధం లేదన్నారంటే ఎంత సంబంధం ఉందోనని రూప్లి అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. నేను ఊరుకోబెట్టాను.

మీరు తప్పకుండా రండి. మాది పేద తండా. ఏ ఇంట్లోనూ ఏమీ ఉండదు. మీరే చూస్తారు.

ఇట్లు,
బాబూరావు

తా.క.: గని ఉద్యోగం చేశానని నాకు ఎప్పుడూ రేషన్ కార్డు ఇవ్వలేదు. పోవడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి మా ఇల్లు చూడకపోయినా ఫరవాలేదు.

హైదరాబాదు,
ఫిబ్రవరి 20

బాబూరావు గారికి,

నమస్కారం. మీ తండా వాళ్లు మమ్మల్ని బాగా చూసుకున్నారు. అయినా ఒక విషయం అడగక తప్పడం లేదు.

తండాలో ఏ ఇంట్లోనూ ఫ్రిజ్ లేదు, టీవీ లేదు. మీ ఇంట్లో మాత్రం ఏడు ఫ్రిజ్‌లు ఉన్నాయి. టీవీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మంచం మీద మనుషులకు బదులు కూలర్లు ఉన్నాయి. మీ ఇంట్లో ఉండేది మీరూ మీ భార్య మంగ్లి గారూ ఇద్దరే. ఇక ఫ్రిజ్ లేదని చెప్పిన రూప్లి గారు మాకు ఐసు ముక్కలు వేసి మజ్జిగ ఇచ్చారు.

జనం వస్తువులు తాకట్టు పట్టుకునే వ్యాపారి మీరేనని మా ఆఫీసులో కొందరి అనుమానం. మీరే నిజం చెప్పాలి.

కళ్యాణి

తా.క.: మజ్జిగ చాలా బాగుంది.

పూసలబోడు తండా,
ఫిబ్రవరి 24

కళ్యాణి గారికి,

తాకట్టు అన్న మాట చదివి నాకు రెండు పూటలు అన్నం దిగలేదు. ఇన్నేళ్లు గనిలో ఒకరి దీపం ఇంకొకరికి ఇవ్వలేదు, ఒకరి సొత్తు ముట్టలేదు.

ఆ సామాను తండా అందరిదీ. మా దగ్గర ఎవరికి వారే అన్నది ఉండదు. చల్లటి నీళ్లు కావాలంటే అందరూ మా ఇంటికే వస్తారు. సీరియల్ చూడాలన్నా మా ఇంటికే వస్తారు. అన్నీ ఒక ఇంట్లో పెట్టుకుని కలిసి వాడుకోవడం మా పద్ధతి. మీకు పట్నంలో ఇది కొత్తగా కనిపించి ఉంటుంది.

ఇట్లు,
బాబూరావు

తా.క.: బీరువా పక్కన దుప్పటి కప్పి ఉన్నది వాషింగ్ మెషిన్ కాదు. మీరు అడగలేదు గానీ చెబుతున్నాను.

హైదరాబాదు,
మార్చి 2

బాబూరావు గారికి,

తాకట్టు అన్నందుకు క్షమించండి. మీ ఉత్తరం మా డైరెక్టర్ నిర్మలాదేవి గారు నిలబడి ఆఫీసు మొత్తానికి చదివి వినిపించారు. ఇన్నేళ్లుగా మేము ఆలోచిస్తున్నది మీరు ఆచరించి చూపించారట. 'ఉమ్మడి ఇల్లు' అనే పేరుతో నివేదిక రాసి, అచ్చు వేయించి, ఢిల్లీ దాతలకు పంపాం. వాళ్లు ఈ నెలలోనే మీ ఇల్లు చూడాలంటున్నారు.

అప్పటిదాకా ఒక్క వస్తువు కూడా కదల్చకండి. మా సంస్థ పరువు మీ చేతుల్లో ఉంది.

కళ్యాణి

తా.క.: ఏ ఫ్రిజ్ ఎవరిదని వాళ్లు అడిగితే 'అందరిదీ' అని మీరే చెప్పాలి. మేము చెబితే నమ్మకపోవచ్చు.

పూసలబోడు తండా,
మార్చి 9

కళ్యాణమ్మకు,

ఇక దాచను. ఆ సామాను ఎవరిది వాళ్లదే. ఫ్రిజ్ కనిపిస్తే రేషన్ కార్డు పోతుందని భయపడి, మీరు వచ్చే ముందు రోజు అందరూ మోసుకొచ్చి నా ఇంట్లో పెట్టారు. నాకు కార్డు లేదు కదా, పోయేది లేదని నేనే పెట్టమన్నాను. మీరు మళ్లీ రారని తేలాక తీసుకుపోవాల్సింది. అంతలో మీ ఉత్తరాలు వచ్చాయి. నిజం బయటపడితే తండా మొత్తం కార్డులు నా వల్లే పోతాయని సామాను కదలనివ్వలేదు.

ఇప్పుడు అందరికీ నా మీదే అనుమానం. చందూలాల్ తన ఫ్రిజ్‌కి ఆనుకుని పడుకుంటున్నాడు. "ఏంది కాకా, నీకూ ఆ ఆఫీసుకూ నడుమ ఏదో ఉన్నది" అని మంగీలాల్ మొహం మీదే అన్నాడు. రూప్లి వచ్చి తన పెరుగు గిన్నెలో ఎంత తగ్గిందో చూసి పోతోంది.

అవన్నీ పడతాను. కానీ మంగ్లి వెళ్లిపోయింది. "గీ ఇంట్ల నాకు పండ జాగ లేదు. మంది సామాను పోయేదాంక నేను గడప తొక్క" అని పర్ణశాల దగ్గర తమ్ముడి ఇంటికి పోయింది. ఇంతకాలం కలిసి ఉన్నాం, ఇలా ఎప్పుడూ వెళ్లలేదు. ఇల్లు నిండా సామానుంది, నాకు మాత్రం ఇల్లంతా బోసిగా ఉంది. పొద్దున టీ పెట్టుకుని ఎవరితో తాగాలో తెలియడం లేదు.

దయచేసి ఆ ఢిల్లీ వాళ్లను ఆపండి. తండా కార్డుల జోలికి వెళ్లకండి. నాకు మంగ్లి ఇంటికి వస్తే చాలు.

ఇట్లు,
బాబూరావు

తా.క.: అన్ని ఫ్రిజ్‌లూ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతోంది. అందుకని రెండేసి వంతులవారీగా వేస్తున్నాం. అందరూ అన్నిట్లోనూ పెట్టుకుంటున్నారు. మీరు రాసింది ఇప్పుడు నిజమే అయింది, కాకపోతే తిట్టుకుంటూ వాడుతున్నాం.

హైదరాబాదు,
మార్చి 15

బాబూరావు బాబాయి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నేనూ నిర్మలాదేవి గారూ తప్ప ఇంకెవరూ చూడలేదు. మీ కార్డుల జోలికి ఎవరూ రారు. ఢిల్లీ దాతలు మీ తండాకు రావడం లేదు.

వాళ్లు మా ఆఫీసుకు వస్తున్నారు. నివేదిక చదివి ముచ్చటపడి, ఒక తండా మొత్తం ఒకే ఇంట్లో సర్దుకుంటుంటే పదిమంది ఉన్న మా ఆఫీసుకు గదికో ఏసీ, గదికో సోఫా, మూడు కాఫీ మిషన్లు ఎందుకని అడిగారు. సోమవారం స్వయంగా చూస్తారట. 'మీకు ఇచ్చే డబ్బుతో ఈ తనిఖీకి ఎలాంటి సంబంధమూ లేదు' అని ఉత్తరంలో రాశారు. మనం అడగకుండానే ఎందుకు రాశారని నిర్మలాదేవి గారు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

అందుకని రేపు ఉదయం ఒక వ్యాన్ మీ ఇంటికి వస్తోంది. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం ఈ పూటే మనిషి చేత పంపుతున్నాను. సోఫాలు, కాఫీ మిషన్లు, ఊడదీయగలిగిన ఏసీలు అందులో ఉంటాయి. రెండు రోజులు దాచిపెట్టండి. ఈ పనిలో మీకున్న అనుభవం మాకు లేదు.

ఎవరైనా అడిగితే 'అందరిదీ' అని చెప్పండి.

మీ,
కళ్యాణి

తా.క.: చోటు కావాలంటే తండా వాళ్ల సామాను ఈ రోజే వెళ్లిపోవాలి కదా, అందుకని మా లెక్కల్లో రాసుకున్న నెంబరు చూసి మీ మంగ్లి గారికి నేనే ఫోన్ చేశాను. విషయమంతా విన్నారు. తర్వాత "సోఫా మెత్తగుంటదా?" అని అడిగారు. ఉంటుందన్నాను. "అయితే వ్యాన్ నన్ను పర్ణశాలల ఎక్కించుకొని పోవాలె. ఆయనకు చెప్పు, రెండు కప్పుల టీ పెట్టమని" అన్నారు.