ఏ గడిలోనూ లేని అప్పడాలు

అమ్మకు, సాయికిరణ్ దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, నాయన బాగనే ఉన్నం. భివండీల నువ్వు, సుమిత్రక్క, బావ, కొత్తగ పుట్టిన పాప అందరు చల్లగ ఉన్నరనుకుంటున్న.

ఫోన్‌ల చెప్తే నా గొంతు లేస్తది, నువ్వు కట్ చేస్తవు. అందుకే కాయితం మీద రాస్తున్న. అక్కతోని చదివించుకో, నడుమల ఆపొద్దని చెప్పు.

నాయన మోకాలి నొప్పి సంగతి అడిగినవు. నూనె రాసుకుంటున్నడు, కాజీపల్లి కంపెనీ గేటు డ్యూటీ మాత్రం మానలేదు. నీ అప్పడాల పీట, కర్ర కడిగి అటక మీద పెట్టిన. పక్కింటి వనజక్క అడిగితే ఇయ్యలేదు. "మీ అమ్మ లేకుంటే నువ్వే సేటువైతివా" అని తిట్టిపోయింది.

ఇగ నా సర్వే పని. పటాన్‌చెరుల తినే సరుకు, తాగే సరుకు చేసే ఫ్యాక్టరీలన్నీ కలిసి ఏడాదికి ఎంత సంపద పుట్టిస్తున్నయో రాసుడు. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, నీళ్ళ సీసాలు అన్నీ తిరిగిన. పోయిన సోమవారం మీ సోమేశ్వర్ సేటు అప్పడాల కంపెనీ వంతు వచ్చింది. "లొల్లి పెట్టుకోకు, నా పిండి ఆపుతడు" అని పోయిన ఉత్తరంల రాయించినవు కదా. పెట్టుకున్న.

పనోళ్ళెంతమంది అంటే పద్నాలుగన్నడు. అంత ప్యాకింగోళ్ళే. "మరి ఇండ్లల్ల ఒత్తేటోళ్ళు?" అన్న. "వాళ్ళు నా పనోళ్ళు కాదు తమ్మీ, టీవీ సూస్కుంట ఒత్తుతరు" అన్నడు. ఫారం చూసిన. తయారైన సరుకు విలువల నుంచి పప్పు, నూనె, కరెంటు తీసెయ్యాలె. వాటి కిందనే ఇంకో గడి, 'బయట చేయించిన పని'. అది గూడ తీసేసుడే. అంటే నువ్వు పొద్దుగాల నుంచి నడుం పట్టేదాక ఒత్తింది కరెంటు బిల్లు పక్కన పెట్టి కొట్టేస్తరన్నట్టు. నాకు మండింది. శ్రమ దోపిడీ అన్న, ఇంకా నా పుస్తకాలల్ల ఉన్నయన్నీ అన్న. ఫారం చింపేటోన్నే.

సేటు నవ్విండు. "ముత్యమ్మ కొడుకువు కదా? ఆమె ఒత్తినంత పలుచగ నా మిషన్ గూడ ఒత్తదు. ఆమె ఎప్పుడొస్తదో అది చెప్పు" అన్నడు. పిండి ఆపడు, ఫికరు పడకు.

అక్కడికెళ్ళి సక్కగ మా సూపర్‌వైజర్ మధుబాబు సార్ దగ్గరికి పోయి ఆయన మీద గూడ అరిచిన. సార్ చాయ్ తాగుకుంట అంతా విన్నడు. "ఇక్కడ తీసేసింది ఎటూ పోదయ్యా. ఇండ్లల్ల సరుకు చేసేటోళ్ళకు వేరే సర్వే ఉంది, వాళ్ళు పుట్టించింది దాంట్ల కలుస్తది. మీ ఇల్లు తీస్త ఉండు" అని మన పోతిరెడ్డిపల్లి ఇండ్ల పట్టీ తీసిండు.

మన ఇల్లు ఉందమ్మా. నాయన పేరు కిష్టప్ప, ముగ్గురు మనుషులు. ఇంట్ల ఏదన్న పని నడుస్తుందా అనే గడిల 'లేదు' అని ఉంది. అంటే ఆ ఫ్యాక్టరీల లెక్కల నిన్ను తీసేసిన్రు, ఈ ఇండ్ల లెక్కల నువ్వు లేనే లేవు.

"గిట్ల ఎవరు చెప్పిన్రయ్యా?" అన్నడు సార్. తెల్వదన్న.

ఇక్కడిదాక రాసి మూడుసార్లు లేచిన. వాకిట్ల తిరిగి, నీళ్ళు తాగి, మళ్ళ కూసున్న. చెప్పకుంటే ఆగేటట్టు లేదు.

చెప్పింది నేనే. ఎండాకాలంల ఇండ్ల సర్వేకని ఒక పిల్ల ట్యాబ్ పట్టుకొని మన వాకిట్లకు వచ్చింది. నువ్వు మిద్దె మీద అప్పడాలు ఎండేస్తున్నవు. నేను గడప మీద కూసోని కార్మికుల హక్కుల పుస్తకం చదువుతున్న. "మీ అమ్మ ఏం చేస్తది?" అని అడిగింది. తల గూడ ఎత్తలేదు. "ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది" అన్న. అబద్ధం చెప్పాలని కాదు. నా పుస్తకాలల్ల పనోళ్ళంటే ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడేటోళ్ళు. మిద్దె మీద ఉన్న నువ్వు నాకు యాదికి రాలేదు. సేటుకు నీ చెయ్యి తెలుసు, నాకు తెల్వలేదు.

నిన్న సార్‌కు నిజం చెప్పిన. తిట్టలేదు. పట్టీ సరిచేసుడు వచ్చే శనివారంతోని బంద్, ఆ లోపట్నే దిద్దాలె అన్నడు. నువ్వు రోజుకెన్ని కిలోలు ఒత్తుతవో, ఎన్ని గంటలు కూసుంటవో నేనే రాసిస్తనన్న. ఒప్పుకోలేదు. "ఒకపారి నీ మాట రాసుకున్నం కదా. ఈపారి ఆమెను చెప్పనియ్యి" అన్నడు.

శుక్రవారం పొద్దుగాల పదింటికి సార్ అక్క నంబరుకు ఫోన్ చేస్తడు. పాపను అక్కకిచ్చి కూసో. ఏం పని చేస్తవమ్మా అని అడుగుతడు. నీ అలవాటు నాకెరుకే, "ఏమున్నది సారూ, ఖాళీగున్నప్పుడు జెర ఒత్తుత" అంటవు. గట్ల అనకు. నేనన్నది నువ్వు గూడ అంటే ఆ గడిల ఆ మాటే ఉండిపోతది.

ఇట్లు,
నీ పని అడిగితే లేదన్న
నీ కొడుకు,
సాయికిరణ్