ఎలుగుబంటి గడప దాటే పేజీ

ప్రియమైన అక్కకి,

నువ్వు పంపిన బొమ్మల పుస్తకం అందింది. అట్ట మీద బంగారు రంగు బహుమతి ముద్ర చూసి నీ మరదలు మురిసిపోయింది. అంత పేరున్న పుస్తకం పాడవకూడదని ప్లాస్టిక్ కవరు వేసి బీరువా మీద పెట్టాను. సాయంత్రం కొట్టు మూసి, చేతులు కడుక్కుని, కిందికి దించి చదువుతున్నాను. తన కూతురు, మేం పిచ్చుకని పిలుచుకునే పిల్ల, మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి వింటుంది, దగ్గరికి రాదు. పెళ్ళయి ఇన్ని నెలలైనా ఆ పిల్లకి నేను వాళ్ళమ్మ జాకెట్లు కుట్టే మనిషినే. దానికి నాన్నని అవ్వాలని ఉంది అక్కా. నాలుగేళ్ళ పిల్ల ముందు ఓడిపోతున్నాను.

నీ తమ్ముడు

ప్రియమైన దర్జీగారికి,

బీరువా మీద పెట్టడానికి అదేమన్నా నగల పెట్టా? మా లైబ్రరీలో పిల్లల గదికొచ్చి చూడు, బహుమతి పుస్తకాలన్నీ అంచులు నలిగి, అట్టలు ఊడి ఉంటాయి. పైగా నువ్వు వార్తలు చదివినట్టు చదివేసి ఉంటావు, నాకు తెలీదా. ఆ కవరు తీసెయ్. పుస్తకం దాని చేతికిచ్చి నువ్వు నేల మీద కూర్చో. బొమ్మల్లో ఏముందో దాన్నే చెప్పనివ్వు. కన్నతండ్రి చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లరా అది, తొందరపెట్టకు.

ప్రేమతో, మీ ఇంటి ఆడపడుచు

ప్రియమైన అక్కకి,

నీ మాట విన్నాను, పుస్తకం చిరిగింది. నాన్న ఎలుగుబంటి సంచి భుజాన వేసుకుని గడప దాటే పేజీని మొదలంటా లాగేసింది. నేను చూసేసరికి కాగితాన్ని వీపు వెనక దాచుకుని బెదురుగా నిలబడింది. నా మనసు చివుక్కుమంది. నేనిచ్చాననే చింపిందేమో. ఈ పని నావల్ల కాదు. పుస్తకం నీకే పంపేస్తాను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

పంపకు. కోపంతో చింపే పిల్ల ఒక్క పేజీతో ఆగదు. ఆ పేజీనే ఎందుకు చింపిందో మెల్లగా అడుగు. అడిగి, నోరు మూసుకుని కూర్చో.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

అడిగాను. చాలాసేపు గౌను అంచు నలుపుతూ కూర్చుంది. తర్వాత, "అదుంటే వెళ్ళిపోతాడు కదా" అంది.

చివర్లో తిరిగొస్తాడని బొమ్మ చూపించాను. నమ్మలేదు. నేనూ బలవంతపెట్టలేదు, పేజీ అతికించనూ లేదు. ఇప్పుడు మా పుస్తకంలో నాన్న ఎలుగుబంటి వంట చేస్తాడు, పిల్లకి స్నానం చేయిస్తాడు, ఎక్కడికీ వెళ్ళడు. పిచ్చుకే నా మోకాలికి ఆనుకుని నాకు చదివి వినిపిస్తోంది.

ఈ ఉదయం కొట్టుకి బయల్దేరితే నా చెప్పుల్లో ఒకటి కనబడలేదు. తలుపు చాటునుంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను పెద్దగా వెతకలేదు. ఇవాళ కొట్టు మధ్యాహ్నం తెరిచాను.

నీ తమ్ముడు