బావగారి జేబులో సూదిమందు

ఇంటి నుంచి,
మంగళవారం సాయంత్రం.

పూజ్యులైన బావగారికి మీ మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీకు దగ్గు తగ్గిందని, దాంతోపాటు కోపం కూడా కాస్త తగ్గిందని తలుస్తాను.

అక్క చేతికిచ్చి మీరు పంపిన క్షమాపణ కాగితం అందింది. నాకు శ్రమ లేకుండా అంతా మీరే రాయించి, నా సంతకానికి చోటు కూడా వదిలారు. శుక్రవారం సమావేశంలోపు సంతకం పెట్టకపోతే, ఆరోగ్య కేంద్రం కమిటీ అధ్యక్షుల హోదాలో నన్ను కొండ అవతలి కేంద్రానికి బదిలీ చేయమని పైకి రాస్తారట. రాయండి. ఆ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది కాబట్టి ఈ ఉత్తరం దానిమీదే రాస్తున్నాను. అక్క మా వంటింట్లో టీ కాస్తోంది.

ఆ రోజు సంగతి మీ కాగితంలో ఒకలా ఉంది, నేను చూసింది ఇంకోలా ఉంది. బెంచీల నిండా జనం. డాక్టరమ్మ శిక్షణకు వెళ్ళారు. మీరు వరుసంతా దాటి నేరుగా ఇంజెక్షన్ గదిలోకి వచ్చారు. మందుల షాపులో కొన్న సూదిమందు సీసా చొక్కా జేబులోంచి తీసి బల్లమీద పెట్టి, "కానియ్యమ్మాయ్, నాకు పనుంది" అన్నారు. నేను చేతులు కడుక్కుని, సీసా మీది పేరు చదివి, మీ పేరు అడిగాను. మీరు నవ్వారు. మరదలు బావను పేరడగడమేమిటని గుమ్మంలో ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. అడుగుతాను బావగారూ. సూది వేసేముందు ఎవరినైనా అడుగుతాను. మా అత్తగారినీ అడిగాను. ఆవిడ ఆ దెబ్బకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

డాక్టరు చీటీ ఏదన్నాను, లేదన్నారు. ఇదివరకెప్పుడైనా ఏ మందైనా పడలేదా అని అడిగాను. అక్కడే మీ ముఖం మారిపోయింది. "ఇంటి మనిషివి, నీకు తెలీదా? నాకు పడని మందుందా?" అని గది అదిరేలా అరిచారు. డాక్టరమ్మ వచ్చి, చూసి, రాసేదాకా వేయనని సీసా మీ చేతిలోనే పెట్టేశాను. నలుగురిలో మీ పరువు తీశానని ఫిర్యాదు!

నన్ను ఈ ఊరికి నర్సుగా వేయించింది మీరే. కాదనను. ఆ కృతజ్ఞతకు మీ ఇంటికొచ్చి అంట్లు తోమమన్నా తోముతాను. సూది మాత్రం వేయను. బదిలీ అయితే పిల్ల బడి, మంచం పట్టిన అత్తగారు, మారాల్సిన బస్సులు, అన్నీ ఆలోచించాను. భయంగానే ఉంది. అయినా సంతకం పెట్టను. ఈరోజు పెడితే రేపు ఇంకొకరు జేబులో సీసాతో వస్తారు, నేను నోరు మూసుకుని వేయాలి. మనిషి కళ్ళు తేలేస్తే మీ కమిటీ వచ్చి లేపుతుందా?

మీరు అలగడం మాకు కొత్త కాదు. నా పెళ్ళికి పెద్దల్లుడు రాలేదేమని అందరూ అడుగుతుంటే మా నాన్నకు తల కొట్టేసినంత పనయింది. ఎందుకలిగారో ఈనాటికీ తెలీదు. ఆ అలకనే తట్టుకున్నాం, దీన్నీ తట్టుకుంటాం.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరుతూ, సంతకం ఈ వైపు మాత్రమే పెడుతున్న
మీ మరదలు

తా.క. ఉత్తరం మడుస్తుంటే అక్క లాక్కుని చదివింది. పెళ్ళి మాట దగ్గరికి వచ్చేసరికి కూలబడి ఏడ్చింది. మీరు ఆ రోజు అలగలేదట. ముందురోజు జ్వరానికి వేసిన సూది పడక, ఒళ్ళంతా దద్దుర్లు తేలి, ముఖం వాచి, ఊపిరాడక ఆసుపత్రిలో ఉన్నారట. ఇంత మగాడు ఒక్క సూదికి పడిపోయాడని జనం నవ్వుతారని అక్క చేత ఒట్టు వేయించుకున్నారట. ఆ మందు పేరు మీరు మరిచిపోయారేమో గానీ, అక్కకు ఇప్పటికీ నోటికొచ్చు. మీరు నా బల్లమీద పెట్టిన సీసా మీద ఉన్నదీ అదే పేరు. మీరు చూసుకోలేదు, షాపతను అడగలేదు. నేను అడిగాను.

బావగారూ, ఆ సీసా పారేయండి. శుక్రవారం సమావేశానికి ముందు కేంద్రానికి రండి. మీ కార్డు పైన ఎర్ర సిరాతో ఆ పేరు రాయాలి. వరుసలో కూర్చోండి. పిలిచాక పేరు అడుగుతాను, ఏ మందైనా పడలేదా అని కూడా మళ్ళీ అడుగుతాను. ఈసారి అరవకుండా చెప్పండి. బదిలీ సంగతి ఆ తర్వాత చూసుకుందాం.